రెండో వైపు మొదలయ్యే ముందు

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం: పాప ఎక్కడో ఏడుస్తూ ఉంటుంది, అది తనకు వినపడదు. ఈ మాట ఎవరితోనైనా అంటే నవ్వుతారు. ఎందుకంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె చేసే పనే వినడం.

ఆ పొద్దున ఆమె నేల మీద మోకాళ్లు ఆనించి మంచం కోళ్ల కింది గిన్నెల్లో నీళ్లు మారుస్తోంది. నాలుగు కోళ్లు, నాలుగు గిన్నెలు. తెల్లటి పింగాణీ పూత, అంచున నీలం గీత. నాటకంలో విందు దృశ్యం కోసం ఎప్పుడో చేయించినవి. దూరాన కూర్చున్నవాళ్లకు కూడా గిన్నె నిండుగా కనపడాలని లోపల అడుగున ఎవరో ద్రాక్షగుత్తులు వేశారు. ఏడాదిగా నీళ్లలో నాని నాని రంగు పెచ్చులూడి, ఒక్కో గిన్నెలో నాలుగైదు పళ్లు మాత్రం మిగిలాయి. పాత నీళ్లను బక్కెట్లోకి వంచేముందు ఆమె వెలుతురుకు పట్టి చూసింది. చీమ ఒక్కటి కూడా లేదు. ఏడాదిలో ఒక్కనాడూ పడలేదు. గిన్నెలు బాగానే పనిచేస్తున్నాయన్నమాట అని రోజూ అనుకున్నట్టే అనుకుని, కొత్త నీళ్లు పోసి, మంచం కోడు ఒక చేత్తో ఎత్తిపట్టి రెండో చేత్తో గిన్నెను కిందకు తోసింది. మంచం మీద పాప, ఎవరో తన కోసమే మంచాన్ని ఊపుతున్నారని మురిసిపోయి, కేరింతలు కొట్టింది.

చీమల సంగతి పోయిన ఏడాది మొదలైంది. పాపకు అప్పుడు ఏడో నెల. ఒక సాయంత్రం ఇంటికి తెచ్చి స్నానం చేయిస్తుంటే ఎడమ తొడ మీద వరసగా మూడు ఎర్రటి మచ్చలు కనపడ్డాయి. మర్నాడు, పగలంతా పాపను చూసుకునే దర్జీ అక్కను అడిగితే, "నా గదిలో చీమలెక్కడివే? రాత్రి నీ మంచంలో కుట్టి ఉంటాయి, పగలు పైకి తేలాయి," అంది. తన మంచంలో. తన పక్కన. పాప ఏడ్చే ఉంటుంది, తనకు మెలకువ రాలేదు. ఆమె పక్కబట్టలన్నీ మరిగే నీళ్లలో వేసింది. మంచం బద్దల సందుల్లో కిరోసిన్ రాసింది. గోడ బీటల్లో సబ్బుముక్కలు నూరి కూరింది. అప్పుడు అక్కే జాలిపడి నాటకాల సామాన్ల గదిలోంచి ఈ నాలుగు గిన్నెలూ తెచ్చిచ్చింది. "కోళ్ల కింద పెట్టు. నీ బెంగ తీరుతుంది," అని.

పాపకు గౌను తొడిగింది. అదీ అక్క కుట్టిందే. పాప పెరిగిన కొద్దీ అదే మోస్తరు గౌను, ఒక కొలత పెంచి, మళ్లీ మళ్లీ కుట్టి ఇస్తుంది. కాళ్ల దగ్గర మూడు టిచ్ బటన్లు. టప్, టప్, టప్. బటన్ నొక్కిన ప్రతిసారీ పాపకు చక్కిలిగింతలు. ఖి ఖి ఖి అని ఊపిరి తిరగనంతగా నవ్వి, చివర్లో ఒక ఎక్కిలి పెడుతుంది. పుట్టిన నాలుగో నెల నుంచీ అంతే. ఎక్కిలి లేని నవ్వు లేదు.

నాటకశాల వెనకవైపు ఇనుప మెట్లు ఎక్కితే అక్క గది. ముప్ఫై ఏళ్లుగా ఆ నాటకశాలలో వేషాల బట్టలన్నీ ఆవిడ చేతి మీదుగానే పోతాయి. చిరిగినవి కుట్టడం, లావెక్కిన రాణులకు నడుము వదులు చేయడం, చిక్కిన రాజులకు బిగించడం. చేతులు ఇంకా గట్టివే కానీ కళ్లు పోతున్నాయి. కుట్టగలదు, సూదికి దారం ఎక్కించలేదు. అందుకని వాళ్లిద్దరి మధ్య ఏర్పాటు ఏమిటంటే, పొద్దున్నే ఈమె వచ్చి ఇరవై సూదులకు దారం ఎక్కించి దిండుకు గుచ్చి పెడుతుంది. సాయంత్రం దాకా ఆవిడ పాపను చూస్తుంది. డబ్బు మాత్రం ఒకరికొకరు ఎప్పుడూ ఇచ్చుకోలేదు.

"వచ్చావా తల్లీ! ఈరోజు కూడా చెవులు ఇక్కడే వదిలి వెళ్తావా, పట్టుకెళ్తావా?" అంది అక్క, పాపను అందుకుంటూ.

"పొడిదగ్గు ఉందక్కా. కాస్త చూడు. ఏడిస్తే మా ఫ్యాక్టరీ గేటుకు ఫోన్ చేయించు."

"నా దగ్గర ఇది ఏనాడు ఏడ్చిందే? నీ దగ్గరే దీని రాగాలన్నీ. ఇక్కడ మహారాణి. చూడు, ఎలా నవ్వుతోందో!"

ఆమె సూదులు వెలుతురుకు పట్టి, దారం కొసను నాలుకతో తడిపి ఎక్కిస్తూ, "ఈరోజు కూడా ఒక్క చీమ పడలేదక్కా," అంది.

అక్క పాప జుట్టు దువ్వుతూ, "పడవులే," అంది. అటు తిరిగే అంది.

పది తెల్ల దారాలు, పది నల్ల దారాలు. ఆమె మెట్లు దిగుతూ, సగంలో ఆగి, పైకి చెవి పెట్టి విని, అప్పుడు కదిలింది. అదీ రోజూ ఉన్నదే.

ఆమె ఏడో తరగతితో చదువు మానేసింది. అమ్మ మంచాన పడింది, చూసేవాళ్లు లేరు. వంటింట్లో పనిచేసుకుంటూ గోడ అవతల అమ్మ ఊపిరి వింటూ ఉండేది. ఊపిరి బరువెక్కితే మందు, గురక మారితే నీళ్లు, మూలిగితే పక్క మార్చడం. మూడేళ్లు అలా చెవితోనే బతికించింది. ఒక మధ్యాహ్నం బియ్యం ఏరుతూ ఏరుతూ గోడకు జారబడి కునుకు తీసింది. లేచేసరికి గోడ అవతల ఏమీ వినపడలేదు. ఆ తర్వాత ఆమె పగలు ఎప్పుడూ కన్ను వాల్చలేదు.

ఆ చెవులే అన్నం పెట్టాయి. రికార్డుల ఫ్యాక్టరీలో వినే పనికి మనుషులు కావాలంటే వెళ్లింది. పరీక్షకని వాళ్లు ఒక రికార్డులో తొమ్మిది తప్పులు దాచి పెట్టారు. ఈమె పదకొండు చెప్పింది. మిగతా రెండూ వాళ్లకే తెలియవు. అప్పటి నుంచి ఫ్యాక్టరీలో ఆమె పేరు చెవులమ్మ.

వినే గది పొడుగ్గా, కిటికీలు లేకుండా, గోడలకు మందపాటి గోనెగుడ్డ అంటించి ఉంటుంది. ఆరు బల్లలు, ఆరు మిషన్లు, ఆరుగురు మనుషులు. పక్క హాల్లో అచ్చు యంత్రాలు నల్లటి ముద్దను నొక్కి రికార్డులు చేస్తుంటే నేల సన్నగా అదురుతూ ఉంటుంది. ప్రతి వందకూ ఒకటి ఇక్కడికి వస్తుంది. ముల్లు దింపి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా వినాలి. గీత, బుడగ, గరగర ఉంటే చీటీ మీద రాయాలి. లేకపోతే 'బాగుంది' అని ముద్ర వేయాలి. పని నేర్పిన పెద్దావిడ మొదటి రోజే చెప్పింది: "పాట వినకు. పాట వింటే తప్పు నీ చెవి పక్కనుంచి జారిపోతుంది. పాట ఎవరికో. తప్పు నీకు."

ఆమె అలాగే నేర్చుకుంది. అందుకే గత ఏడు నెలలుగా ఊరంతా పాడుకుంటున్న రికార్డు ఆమెకు మాత్రం సరిగ్గా తెలియదు. అది పడవ నాటకం రికార్డు. నాటకం పాతదే, తాతల కాలం నుంచి ఆడుతున్నదే. నది ఒడ్డున పడవలో ఒక పసిపాపను ఎవరో వదిలేసి పోతారు, పడవవాడు పెంచుతాడు. ఇప్పటి బృందం పాడిన పాటలన్నీ కలిపి రికార్డు వేస్తే, ఎందుకో తెలియదు, జనం విరగబడ్డారు. ఫ్యాక్టరీలో మిగతా అచ్చులన్నీ పక్కన పెట్టి ఇదొక్కటే తీస్తున్నారు. లారీలు వచ్చి నింపుకుపోతున్నాయి. అందులో ఒక లారీ నడిపేది ఆమె భర్తే. నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే, ఆ నాలుగు రోజులూ పడవవాడి జోలపాట ఈల వేస్తూనే ఉంటాడు.

రెండో వైపు మొదలయ్యేది ఆ జోలపాటతోనే. ముందు కాస్త నిశ్శబ్దం, తర్వాత పసిపాప ఏడుపు, ఆ ఏడుపు మీదుగా పడవవాడి గొంతు. ఆ ఏడుపు దగ్గరే ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటారట. నాటకశాలలో అది బూర మాష్టారు రబ్బరు బూర పిసికి తీసే శబ్దం. ఆ విద్యలో ఆయనకు పెట్టింది పేరు. రికార్డు అట్ట వెనకాల కూడా 'పసిపాప ఏడుపు' అని ఆయన పేరే వేశారు. ఈ ఏడు నెలల్లో ఆమె ఆ ఏడుపును ఎన్ని వందల సార్లు విన్నదో. విన్న ప్రతిసారీ 'బాగుంది' అని ముద్ర వేసింది.

ఆరోజు పదిన్నరకు సూపర్‌వైజరు ఒక అట్టపెట్టె తెచ్చి ఆమె బల్ల మీద దబ్బున పడేశాడు.

"చెవులమ్మా, ఏదో దుకాణం నుంచి వెనక్కి వచ్చాయి. రెండో వైపు మొదట్లో టప్‌మంటోందట. మన తప్పా, వాళ్ల మిషన్ తప్పా తేల్చు."

"ఒకదాంట్లోనా, అన్నిట్లోనా?"

"అన్నిట్లోనూ అట. జనానికి పనీపాటా లేదు. పాట విని ఏడవక, టప్పులు లెక్కపెట్టుకుంటున్నారు."

అట్టలు వేసే పిన్ని అటు పోతూ, "మన చెవులమ్మ మొగుడు కూడా అంతేనట, ఈమె ఎదుట మెటికలు విరవడానికి భయపడతాడట," అంది. గది నవ్వింది. ఆమె కూడా నవ్వింది.

రికార్డు పెట్టి ముల్లు దింపింది. రెండో వైపు మొదట్లో ఎవరూ పట్టించుకుని వినరు. ముల్లు గాడిలో పడేటప్పుడు ఎలాగూ గరగర ఉంటుంది, లెక్క మొదలయ్యేది పాట నుంచే. నిజమే, ఏడుపుకు అర క్షణం ముందు టప్‌మంది. ఇంకో రికార్డు. అక్కడే. తమ దగ్గరున్న వేరే వేరే వారాల అచ్చుల్లోంచి ఆరు తీసింది. అక్కడే, అంతే. అచ్చులో మట్టి అయితే ఒక్కో వారం ఒక్కోచోట ఉంటుంది. ఇది టేపులోంచే వచ్చింది. అక్కడితో పని అయిపోయింది. చీటీ మీద 'తప్పు రికార్డులో లేదు, టేపులోనే ఉంది' అని రాసింది.

కానీ ఆ శబ్దం ఎక్కడో విన్నట్టుంది. విన్నది ఏమిటో తేలకపోతే ఆమెకు అన్నం సయించదు. శబ్దం పెంచే మరను చివరి దాకా తిప్పింది. ఆ మరను అంతదాకా ఎవరూ తిప్పరు. ఏడుపు వచ్చేసరికి చెవులు పగిలిపోతాయి. టప్‌మనగానే తగ్గించేద్దామని వేళ్లు మర మీదే ఉంచింది.

ముల్లు దిగింది. నిశ్శబ్దం ఒట్టి నిశ్శబ్దం కాదు, అదొక పెద్ద గది. దూరంగా ఎవరిదో చెప్పు కిర్రుమంది. గుడ్డ సరసరలాడింది. తర్వాత, ఎవరో కత్తిరించి వదిలేసిన కొసలా, ఖి ఖి అని చిన్న ఊపిరి. ఒక ఎక్కిలి.

టప్.

ఆమె వేళ్లు కదల్లేదు. ఏడుపు రెండు చెవుల్లోంచీ ఒక్కసారిగా తలలోకి దూసుకువచ్చింది.

ముల్లు ఎత్తింది. మళ్లీ పెట్టింది. ఏడుపులో పసిపిల్లలంతా ఒక్కలాగే ఉంటారు. నవ్వులో అలా కాదు. మూడోసారి పెట్టలేదు. లేచి టేపు తాత గదికి వెళ్లింది.

టేపు తాత అంటే రికార్డింగు టేపులు ఫ్యాక్టరీకి తెచ్చి అచ్చు కోసే పెద్దాయన. చెవుల్లో తెల్లవెంట్రుకలు, జేబులో ఎప్పుడూ ఒక చిన్న కత్తెర.

"తాతా, పడవ నాటకం రికార్డింగుకు మీరు వెళ్లారా?"

"వెళ్లకపోతే ఎవరు చేస్తారమ్మాయ్? ఆ హీరోయిన్‌తో పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. రికార్డులో ఎవడికి కనపడుతుంది చెప్పు? అయినా వేషం పూర్తిగా కట్టుకుంటే తప్ప పాడనంది. అందుకని కుట్టుపని ఆవిడను కూడా వెంటబెట్టుకుని వచ్చింది."

"ఆ పాప ఏడుపు… బూర మాష్టారిదేనా?"

తాత నవ్వాడు. "అట్ట మీద ఆయన పేరు ఉంది కదా, ఆయనదే అనుకో. అసలు సంగతి ఏమిటంటే, పొద్దున్నే ఆయన బూర చిరిగింది. ఇంకోటి తెచ్చారు, పిల్లి అరిచినట్టుంది. ఆ కుట్టుపని ఆవిడ చంకలో ఒక పసిదాన్ని పెట్టుకుని ఉంది, ఎవరి పిల్లో. రికార్డింగు చేయించే మా పెద్దాయన, అదిగో దాన్ని ఏడిపించండి, అన్నాడు. అది ఏడిస్తేనా! ఎవర్ని చూసినా నవ్వే. ఆఖరికి ఆవిడే పక్కకు తిరిగి ఏదో చేసింది. అద్భుతంగా ఏడ్చింది."

"ఒక్కసారేనా?"

"ఒక్కసారితో ఎక్కడవుతుంది? మొదటిది నవ్వు మీద పడి పాడైంది. రెండోది గాయకుడు ఎత్తుకునేలోగా ఆగిపోయింది. మూడోది వాడాం. ముందున్న నవ్వు నేనే కత్తిరించా. కాస్త కొస మిగిలిందేమో, ఎవరికి వినపడుతుంది?" ఆయన ఆమె మొహం చూసి ఆగాడు. "ఏమైందమ్మాయ్?"

"ఏం లేదు తాతా. చీటీ రాయాలి కదా, అందుకని."

మూడు. తొడ మీద వరసగా మూడు. ఆమె వచ్చి బల్ల ముందు కూర్చుంది. ముందున్న గుట్టలో ఇంకా నాలుగు రికార్డులున్నాయి. ఒకటి తీసి పెట్టింది. మొదటి వైపు విన్నది. తిప్పింది. రెండో వైపు ముల్లు దింపింది. ఇప్పుడు శబ్దం పెంచనక్కర్లేదు. ఆ నవ్వు కొస ఎంత చిన్నగా ఉన్నా వినపడుతూనే ఉంది. ఏడు నెలలుగా ఉన్నది, ఇప్పుడు కొత్తగా వచ్చినట్టు. పాట వినకు, తప్పు విను అన్నారు. విన్నది. తన పాప ఏడుస్తుంటే గరగర లేదని చూసుకుని, బాగుందని ముద్ర వేసింది.

అదే చేత్తో ముద్ర తీసుకుంది. వేయలేకపోయింది.

ఇప్పుడు పాప ఎక్కడుంది? ఆ గదిలోనే, ఆ చేతుల్లోనే. ఆ ఆలోచన రాగానే ఆమె హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి లేచింది. సూపర్‌వైజరు తలుపు దగ్గర ఎదురొచ్చాడు.

"ఎక్కడికమ్మా? సైరన్‌కు ఇంకా రెండు గంటలుంది. ఆ గుట్ట ఈరోజు లారీకి పోవాలి."

"నాకు ఏమీ వినపడటం లేదండీ," అంది ఆమె. చెవులమ్మ నోటి నుంచి ఆ మాట వినడం అదే మొదలు కాబట్టి, ఆయన పక్కకు తప్పుకున్నాడు.

వీధిలో ఎండగా ఉంది. మంగలి దుకాణంలో రేడియో, మొదటి వైపు చివరి పాట. ఆ పక్కన గొడుగులు బాగుచేసే అతని దగ్గర రికార్డు మిషన్. సందు మలుపులో ఎవరిదో మేడ మీది కిటికీ. ఆమె పరుగులాంటి నడకతో పోతుంటే ఆ కిటికీలోంచి పాప ఏడ్చింది. కింద నడుస్తున్న ఒక ముసలాయన తలెత్తి చూసి, మురిపెంగా నవ్వి, ఆ పాట అందుకున్నాడు. ఆమె గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. పాప ఏడుస్తుంటే తనకు వినపడదేమోనని కదా ఇన్నాళ్ల భయం. ఇప్పుడు ఊళ్లో ఏ కిటికీ తెరిచి ఉన్నా వినపడుతోంది. వెళ్లి ఎత్తుకోవడానికి లేదు.

ఇనుప మెట్లు ఎక్కింది. అక్క కిటికీ దగ్గర కూర్చుని రాజుగారి అంగీ అంచు కుడుతోంది. పాప దుస్తుల బుట్టలో, వెల్వెట్ గుట్టల మధ్య నిలబడి, ఒక కిరీటం నోట్లో పెట్టుకుని నములుతోంది.

"ఏమే, అప్పుడే వచ్చావు? ఒంట్లో బాగాలేదా?"

ఆమె పాపను ఎత్తుకుంది. కాళ్లు, చేతులు, వీపు తడిమింది. ఏమీ లేదు. పాప ఆమె ముక్కు పట్టుకుని ఖి ఖి అంది, ఎక్కిలి పెట్టింది.

"అక్కా, అవి చీమలేనా?"

"ఏ చీమలు?"

"పోయిన ఏడాది. పాప తొడ మీద."

అక్క సూది గుడ్డలో సగం దూరి ఆగిపోయింది. "ఎవరు చెప్పారే?" అంది.

అదే జవాబు. ఆమె పాపను ఇంకో భుజం మీదకు మార్చుకుంది. "ఎవరూ చెప్పలేదు. వినపడింది."

 అక్క అంగీని ఒళ్లోంచి తోసేసింది.

"ఏడిస్తే ఏమైందే? పిల్లలు ఏడవరా? సూది వేయిస్తే ఏడవదూ? అందరూ నా వైపే చూస్తున్నారే! ముప్ఫై ఏళ్లుగా వాళ్ల నడుములు కొలుస్తున్నా, నా మొహం ఎలా ఉంటుందో వాళ్లలో ఒక్కడికీ తెలీదు. ఆరోజు ఆ రికార్డింగు పెద్దమనిషి దండం పెట్టాడు. నీ చేతుల్లో ఉందమ్మా ఈ పాట, అన్నాడు. అట్ట మీద నీ పేరు వేస్తా, అన్నాడు. వేశాడా? ఆ బూరగాడి పేరు వేశాడు. నన్నూ మోసమే చేశారే."

"గిల్లినందుకు కాదక్కా." ఆమె గొంతు పెరగలేదు. "నా మంచంలో చీమలన్నావు. నాకు మెలకువ రాలేదన్నావు. ఏడాది నుంచి రోజూ నీళ్లు మారుస్తున్నా. మా అమ్మ సంగతి నీకొక్కదానికే చెప్పాను. గిన్నెలు కూడా నువ్వే ఇచ్చావు."

అక్క మొహం అప్పుడు మారింది. ఒక్కసారిగా ముసలిదైపోయింది.

"నాలుగు రోజులు పోసి మానేస్తావనుకున్నానే. తర్వాత చెబుదామనుకున్నా. నువ్వేమో రోజూ వచ్చి, ఒక్క చీమ కూడా పడలేదక్కా, అని సంబరంగా చెప్పేదానివి. ఆ సంబరం చూసి ఇంకేం చెప్పను?"

ఆమె పాప సీసా, తువ్వాలు, గిలక్కాయ ఏరి సంచిలో వేసుకుంది. గుమ్మం దగ్గర అక్క వెనకనుంచి, "రేపు వస్తావా?" అంది. ఆమె వెనక్కి తిరగలేదు. మెట్లు దిగుతుంటే ఒక సంగతి తట్టి మధ్యలో కూర్చుండిపోయింది. మొదటిసారి గిల్లితే ఏడ్చింది. రెండోసారి కూడా ఏడ్చింది. అయినా మూడోసారి అక్క చెయ్యి బటన్ మీద పడగానే, ఆట అనుకుని నవ్వింది. ఆ రికార్డులో మిగిలిన నవ్వు మూడోసారిది.

లారీ శనివారం వచ్చింది. భర్త అంతా విని, పాపను గాల్లోకి ఎగరేసి పట్టుకుంటూ, "పసిది, దానికేం గుర్తుంటుంది? ఆవిడ లేకపోతే నువ్వు పనికి ఎలా వెళ్తావు?" అన్నాడు.

"దానికి గుర్తుండదు. అందుకే నాకు గుర్తుండాలి."

ఆయన ఇంకేదో అనబోయి, అలవాటుగా ఈల అందుకుని, ఆమె మొహం చూసి మధ్యలోనే ఆపేశాడు. ఆ ఊళ్లో పాపను ఇంకెవరి దగ్గరా వదలడం ఆమె వల్ల కాదు. వదలకుండా ఆ పని చేయడం కుదరదు. వేరే ఊళ్లో ఉన్న వదిన దగ్గర ఉండేట్టు మాట్లాడుకున్నారు. అక్కడ వినే పని ఉండదు. ఫ్యాక్టరీకి ఆమె మళ్లీ వెళ్లలేదు. ఆమె బల్ల దగ్గర ఇప్పుడు ఇంకో అమ్మాయి కూర్చుంటోందట, పాట వింటూ కాళ్లు ఊపుతుందట. రికార్డు ఇంకా అమ్ముడుపోతూనే ఉంది. టప్‌మన్న చోటును తాత కత్తిరించేశాడని, ఇప్పుడొచ్చేవి శుభ్రంగా ఉంటాయని చెప్పుకుంటున్నారు.

మంచం విప్పి లారీలోకి ఎక్కించాక గదిలో గిన్నెలు మిగిలాయి. నాలుగు మూలలా నాలుగు, మధ్యలో మంచం లేకుండా. ఆమె నీళ్లు పారబోసి, తుడిచి, ఒకదానిలో ఒకటి పెట్టింది. తర్వాత పెట్టె అడుగునుంచి పాపకు ఎప్పుడో పట్టకుండా పోయిన గౌను తీసింది, ఆ ఏడో నెల నాటిది. గట్టిగా చుట్ట చుట్టి బటన్లు నొక్కింది. టప్, టప్, టప్. ఇంట్లో ఉన్న సూదుల పొట్లాలన్నీ తెరిచి, కిటికీ దగ్గర కూర్చుని, ఒక్కొక్కదానికీ దారం ఎక్కించి ఆ చుట్టకు గుచ్చింది. అరవై తెల్లవి, అరవై నల్లవి. రోజుకు ఇరవై చొప్పున ఆరు రోజులకు వస్తాయి. అక్కను క్షమించి కాదు. ఎందుకో ఆమెకే తెలియదు. భర్త కింద హారన్ కొడుతున్నా, నూట ఇరవయ్యోది అయ్యేదాకా లేవలేదు.

ఆ ఇనుప మెట్ల మీద, అక్క గుమ్మం పక్కన, ఆ గిన్నెలు పెట్టి పై గిన్నెలో ఆ చుట్ట పెట్టి దిగిపోయింది. తలుపు తట్టలేదు.

మీరు ఎప్పుడైనా ఆ నాటకశాల వైపు వెళ్తే, వెనకవైపు మెట్లు ఎక్కి ఆ పెద్దావిడను ఒకసారి చూసి రండి. తలుపు ఆలస్యంగా తీస్తుంది, కళ్లు సరిగ్గా ఆనవు, కాస్త ఆగండి. ఎవరు పంపారో చెప్పొద్దు. గుమ్మం పక్కన ద్రాక్షపళ్లు వెలిసిపోయిన గిన్నెలో చిన్న గౌను చుట్ట ఒకటి ఉంటుంది, దానికి ఇంకా ఎన్ని సూదులు దారంతో మిగిలి ఉన్నాయో చూసి రండి.